గచ్చుకి ఎండ, పలకకి నీడ: హైదరాబాద్ పాత కట్టడాల నగిషీని ఫోటో తీయడం ఎలా

చార్మినార్ ఫోటో ఈ ఊళ్లో ప్రతి ఫోన్‌లోనూ ఉంటుంది. దాని కమాను మీద ఏ పువ్వు ఉందో ఆ ఫోటో చూసి చెప్పమంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. కట్టడం మొత్తాన్ని తీయడం ఒక పని, దాని మీది నగిషీని తీయడం వేరే పని. రెండో పనికి దిగినవాళ్లందరూ తిప్పి తిప్పి అడిగేవి మూడే ప్రశ్నలు. కంటికి అంత లోతుగా కనిపించిన గచ్చు, అంటే సున్నపు పూలపని, ఫోటోలో చదునైన తెల్లగోడలా ఎందుకొస్తోంది? రంగు పలకల మీద తెల్లటి మెరుపు మచ్చ ఎలా పోతుంది? ట్రైపాడ్ రానివ్వని చోట ఏం చేయాలి?

మొదటి రెండు ప్రశ్నలకి కొత్త కెమెరా కొన్నా జవాబు దొరకదు. ఏ వేళకి వెళ్లారు, ఎక్కడ నిలబడ్డారు అన్నదే లెక్క. మూడోదానికి ముప్ఫై రూపాయల చిట్కా ఒకటి ఉంది.

కావలసినవి

- ఫోన్ అయితే 2 లేదా 3 రెట్లు దగ్గరగా చూపే నిజమైన రెండో లెన్స్ ఉన్నది. వేళ్లతో సాగదీసే జూమ్ కాదు.
- కెమెరా అయితే 24-70 లెన్స్ ఒకటి, 70-200 లాంటిది ఒకటి. ఒక్కటే తీసుకెళ్లగలిగితే పొడుగు లెన్స్‌నే తీసుకెళ్లండి. నగిషీ చాలావరకు తలకన్నా పైనే ఉంటుంది.
- పోలరైజర్ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు తిప్పుతూ మెరుపు తగ్గించే అద్దం. ఫోన్‌వాళ్లకి పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు చాలు.
- మీటరు పొడవు, మీటరు వెడల్పు నల్లగుడ్డ. మెరుపు లేనిది, నూలుది.
- తెల్ల థర్మాకోల్ షీటు, రెండడుగులది.
- బూడిదరంగు కార్డు. లేకపోతే ముద్రణ లేని తెల్ల కాగితం.
- పావు అంగుళం బోల్టు ఒకటి, మీటరున్నర గట్టి పురికొస. వివరం నాలుగో మెట్టులో.
- లెన్స్ తుడిచే మెత్తటి గుడ్డ, చెప్పులు పెట్టుకోవడానికి ఒక సంచి.

ఫ్లాష్ కావలసినవాటిలో లేదు. అది ఎదురుగా కొడుతుంది కాబట్టి గచ్చు లోతుని చంపేస్తుంది, పలక మీద పడితే మచ్చ వేస్తుంది.

1. ముందు అది దేనితో చేసిందో చూడండి

హైదరాబాద్‌లోని కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ కట్టడాల నగిషీ ముఖ్యంగా నాలుగు రకాలు. ఒక్కొక్కదానికి ఒక్కో వెలుతురు కావాలి.

గచ్చు: ఇక్కడ గచ్చు అంటే ఇంట్లో నేల కాదు, సున్నంతో పోతపోసి చెక్కిన పూలు, లతలు, తామరలు. టోలీ మసీదు, కుతుబ్‌షాహీ సమాధులు, సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధులు (పైగా అన్నది నిజాంల కాలపు ప్రభువుల వంశం పేరు), గోల్కొండ బాలాహిస్సార్ దర్వాజా మీది సింహాలు, నెమళ్లు అన్నీ ఇదే. దీనికి పక్కనుంచి గోడని గీసుకుంటూ పోయే ఎండ కావాలి.

రంగు పలకలు: గాజుపూత ఉన్న ముక్కలతో చేసిన పని. పత్తర్‌గట్టీ దగ్గర మొహర్రం సంతాపం జరిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో గోడల నిండా ఉంది. దీనికి నీడ, లేదా మబ్బు.

జాలీ: చిల్లులు పెట్టిన తెర. దీనికి వెనకనుంచి వెలుతురు. పైగా సమాధులంత రకరకాల జాలీలు ఊళ్లో ఇంకెక్కడా లేవు.

నల్లరాయి: నున్నగా పాలిష్ పట్టిన బసాల్టు మీద అక్షరాలు. కుతుబ్‌షాహీ రాజుల సమాధి రాళ్ల మీద చూస్తారు. దీనికి పక్కనుంచి వచ్చే మెత్తటి వెలుతురు.

ఒకే రోజు ఒకే గంటలో నాలుగూ తీయాలనుకోవడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. పొద్దున గచ్చు, ఎండ నెత్తికెక్కాక లోపలి పలకలు, నల్లరాయి, మళ్లీ ఎండ వాలాక జాలీలు. వరుస ఇలా పెట్టుకోండి.

2. గోడ ఎటు తిరిగి ఉందో చూసి వేళ పెట్టుకోండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. గచ్చు ఫోటో బాగా రావడం సగానికి పైగా ఈ మెట్టులోనే తేలిపోతుంది.

మనకి మక్కా పడమర దిక్కున, కొద్దిగా ఉత్తరానికి ఉంటుంది. అందుకే మసీదులో మిహ్రాబ్, అంటే ప్రార్థన దిక్కు చూపే గూడు, పడమటి గోడకి, కమానుల ముఖం తూర్పుకి ఉంటాయి. అంటే మసీదు ముందు ముఖానికి ఎండ పడేది పొద్దుట మాత్రమే. మధ్యాహ్నం పన్నెండుంపావు ప్రాంతంలో సూర్యుడు ఇక్కడ నడిమికి చేరతాడు. ఆ తర్వాత ముఖమంతా నీడే. సాయంత్రం 'గోల్డెన్ అవర్' అని ఐదింటికి టోలీ మసీదుకి వెళ్లినవాళ్లకి వెలిగే ఆకాశం, దాని ముందు నల్లటి మసీదు దొరుకుతాయి.

పొద్దున్నే ఆరున్నరకి పరిగెత్తితే సరిపోతుందా అంటే అదీ కాదు. అప్పుడు ఎండ సూటిగా ఎదురుగా పడుతుంది, లోతు కనిపించదు. రంగు బాగుంటుంది, పూలు చదునుగా ఉంటాయి. సూర్యుడు కాస్త పైకెక్కాక, గోడ మీద ఏటవాలుగా జారుతున్నప్పుడు ప్రతి రేకు కిందా సన్నటి నీడగీత పడుతుంది. చలికాలంలో 9 నుంచి 10:30, ఎండాకాలంలో 8 నుంచి 9:30 మంచి సమయం. మసీదు వైపు తిరిగి నిలబడితే చలికాలపు ఎండ మీ ఎడమ భుజం మీదుగా వస్తుంది. జూన్‌లో అదే కుడి భుజం మీదుగా. అందుకే ఒకే పువ్వు డిసెంబరులో ఒకలా, జూన్‌లో ఒకలా కనిపిస్తుంది.

ఇంకా ఆలస్యం చేస్తే ఛజ్జా, అంటే గోడ పైన ముందుకొచ్చిన చూరు, అడ్డం పడుతుంది. లెక్క సులువే: సూర్యుడు ఆకాశంలో సగం ఎత్తులో, అంటే 45 డిగ్రీల్లో ఉన్నప్పుడు, మీటరు ముందుకొచ్చిన ఛజ్జా నీడ గోడ మీద సుమారు మీటరు కిందికి దిగుతుంది. 60 డిగ్రీలకి వచ్చేసరికి అది మీటరూ ముప్పావు. కమాను భుజాల మీది గుండ్రటి పతకాలు సరిగ్గా ఆ పట్టీలోనే ఉంటాయి. సగం ఎండ, సగం నీడ పడిన పతకాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. నీడ అంచు పతకాన్ని తాకకముందే తీసేయండి, లేదా మొత్తం నీడలోకి వెళ్లేదాకా ఆగండి.

సమాధులతో ఈ ఇబ్బంది తక్కువ. చాలావరకు చతురస్రంగా, నాలుగు వైపులా ముఖాలతో ఉంటాయి కాబట్టి ఏ వేళకి వెళ్లినా ఏదో ఒక గోడ మీద ఎండ పక్కనుంచే గీసుకుంటూ ఉంటుంది. ఫిబ్రవరి చివర్లో, అక్టోబరులో పొద్దున ఎనిమిదింటికి దక్షిణపు గోడ చూడండి. మే, జూన్, జులైల్లో అదే వేళకి ఉత్తరపు గోడ చూడండి. ఉత్తరపు గోడకి ఎండే రాదనుకుంటారు చాలామంది. చలికాలంలో నిజంగానే రాదు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా పొద్దున, సాయంత్రం వస్తుంది, అదీ గోడని ఒరుసుకుంటూ. గచ్చుకి అంతకన్నా మంచి ఎండ లేదు.

వేళ కుదిరిందో లేదో చూసుకోవడానికి అరచేతిని గోడకి ఆనీ ఆనకుండా పెట్టండి, తాకకుండా. వేళ్ల నీడ వేళ్లకన్నా బాగా పొడుగ్గా, పక్కకి సాగి పడితే వేళ బాగుంది. వేళ్ల వెనకే దాక్కుంటే ఎండ ఎదురుగా కొడుతోంది, టీ తాగి రండి.

3. అనుమతి, మర్యాద

చార్మినార్, గోల్కొండ ఏఎస్ఐ, అంటే కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. చేతిలో పట్టుకుని తీసే మామూలు ఫోటోలకి ఇబ్బంది లేదు. ట్రైపాడ్, లైట్లు, వ్యాపార చిత్రీకరణ అంటే ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. కుతుబ్‌షాహీ సమాధులు, పైగా సమాధులు రాష్ట్ర వారసత్వ శాఖవి. రుసుములు, సెలవు రోజు, కెమెరా టికెట్టు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు చూసుకోండి. డ్రోన్ మాట ఎత్తకండి.

మసీదు, ఆషూర్‌ఖానా ఇప్పటికీ ప్రార్థన జరిగే చోట్లు. చెప్పులు బయట విడవాలి, మోకాళ్లు, భుజాలు కప్పుకోవాలి, ఆడవాళ్లు తలమీద దుపట్టా వేసుకోవాలి. కొన్ని మసీదుల్లో లోపలి హాలుకి ఆడవాళ్లని పంపరు, వాకిట్లోనే ఉండమంటారు. వాదించకుండా అక్కడినుంచి పొడుగు లెన్స్‌తో తీసుకోండి. శుక్రవారం పన్నెండు నుంచి రెండున్నర దాకా పెట్టుకోకండి. మిగతా రోజుల్లోనూ అజాన్ వినపడగానే కెమెరా దించేయండి. నమాజు చేసేవాళ్ల ముందునుంచి అడ్డంగా నడవకూడదు, వాళ్ల మొహాలు తీయకూడదు. బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో మొహర్రం రోజుల్లో అలాలు (పీర్లు) నిలబెడతారు, అప్పుడు వచ్చేవాళ్లు దుఃఖంతో వస్తారు. పలకల ఫోటోల కోసం ఆ పది రోజులు కాకుండా మరో రోజు చూసుకోండి.

అడిగే పద్ధతి కూడా ఒకటుంది. లోపలికి వెళ్లగానే కెమెరా బయటికి తీయకండి. అక్కడ ఉండే పెద్దాయనకి సలాం చెప్పి, "చచ్చా, దీవార్ కా కామ్ ఫోటో లేనా హై, లోగోఁ కా నహీ" అనండి. గోడపని మాత్రమే, మనుషులది కాదు అని తెలిస్తే చాలాచోట్ల వాళ్లే దగ్గరుండి లైటు వేసి చూపిస్తారు. ఆ లైటు వద్దని ఎలా చెప్పాలన్నదే మీ తర్వాతి కష్టం.

4. ట్రైపాడ్ లేకుండా కదలకుండా నిలబెట్టండి

కెమెరా అడుగున ట్రైపాడ్ బిగించే రంధ్రం పావు అంగుళానిది. హార్డ్‌వేర్ షాపులో అదే కొలత బోల్టు కొని, దాని తలకి పురికొస కట్టి, కెమెరాకి చేత్తోనే సుతారంగా బిగించండి. రెండు చుట్లు తిరిగేలోపే బిగుసుకుంటే బలవంతం చేయకండి, మర తేడా ఉంది, బోల్టు మార్చండి. తాడు రెండో కొసని కాలికింద తొక్కిపట్టి కెమెరాని పైకి లాగి పట్టండి. ఆ బిగువుకి చేతి వణుకు చాలావరకు ఆగుతుంది. మామూలుగా సెకనులో 60వ వంతు కావలసిన చోట 15వ వంతుకి కూడా స్పష్టంగా వస్తుంది. ఫోన్‌కి అయితే చవక హోల్డర్ కొనండి, దాని అడుగున అదే రంధ్రం ఉంటుంది.

ఇంకో దారి: కిలో బియ్యం పోసిన గుడ్డసంచి. నేలమీదో మీ బ్యాగు మీదో పెట్టి దాని మీద కెమెరా ఆనించండి. గచ్చుపని ఉన్న అంచుల మీద, జాలీ గట్టు మీద, సమాధి రాయి మీద మాత్రం పెట్టకండి. నగిషీ ఉన్న గోడకి ఒళ్లు ఆనించడం కూడా వద్దు. పాత సున్నం మొక్కజొన్న పేలాల్లా పొరలుగా లేచి ఉంటుంది, మీ భుజానికి అంటిన తెల్లపొడి నాలుగువందల ఏళ్ల నాటిది.

5. కెమెరా సెట్ చేయండి

కెమెరా: ఎపర్చర్ ఎఫ్/8, ఎండలో ఐఎస్ఓ 100-200, లోపల 800 దాకా. కెమెరా మార్పులేవీ చేయని రా ఫైలు. తెలుపుని తెల్లగా చూపే వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలో వదలకండి. ఎండలో 5500 కెల్విన్, నీడలో 7000 పెట్టి అక్కడే ఉంచండి. ఆటోలో ఉంటే పక్కపక్క రెండు పలకలు రెండు ఫోటోల్లో రెండు నీలాలుగా వస్తాయి.

ఫోన్: గ్రిడ్ గీతలు ఆన్ చేయండి, బ్యూటీ, ఏఐ సీన్ లాంటివి ఆపేయండి. అవి గచ్చు గరుకుని మొహం మీద మొటిమలనుకుని నున్నగా చేస్తాయి. వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేయండి. లెన్స్ తుడవండి. ఇది చెప్పడానికి చిన్నమాటే, జాలీ ఫోటోల్లో మంచు కప్పినట్టు వచ్చే మసకకి పదింట తొమ్మిదిసార్లు కారణం లెన్స్ మీది వేలిముద్రే.

లోపల ఎల్ఈడీ, ట్యూబ్‌లైట్లు ఉంటే ఫోటోలో అడ్డంగా చారలు పడొచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి షట్టర్‌ని 1/50 లేదా 1/100కి పెడితే పోతాయి.

6. గోడకి నిటారుగా నిలబడండి

కెమెరా పైకెత్తితే గోడ వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. వలయాలు కోడిగుడ్లవుతాయి, నక్షత్రపు కోణాలు సాగుతాయి. జ్యామితి మీదే నిలబడ్డ నగిషీలో ఇది భరించలేం.

దగ్గర నుంచి ఎత్తి తీయడం మాని దూరం జరగండి. ఆరు మీటర్ల ఎత్తున ఉన్న పతకాన్ని మూడు మీటర్ల దూరం నుంచి తీస్తే కెమెరా 56 డిగ్రీలు పైకి చూడాలి. పన్నెండు మీటర్లు వెనక్కెళ్లి పొడుగు లెన్స్‌తో తీస్తే సుమారు 20 డిగ్రీలే. మిగిలిన ఆ కాస్త వంపుని తర్వాత సరిచేయొచ్చు.

మొత్తం ముఖం కావాలంటే ఫోన్ మామూలు లెన్స్‌తో పది మీటర్ల దూరంలో నిలబడి, ఫోన్‌ని నిలువుగా, ఏమాత్రం పైకి వంచకుండా పట్టుకోండి. దాదాపు ఎనిమిది మీటర్ల ఎత్తు వరకు వస్తుంది. కింద సగం నేలే వస్తుంది, రానివ్వండి, కోసేయొచ్చు. వెడల్పు లెన్స్‌కి, అంటే 0.5కి, వెళ్లకండి. అంచుల్లో పూలు సాగిపోతాయి.

నాలుగు పక్కలా పదో వంతు ఖాళీ వదలండి. వంపు సరిచేసినప్పుడు అంచులు కోసుకుపోతాయి.

7. గచ్చు తీయడం

ముందు వెలుతురు కొలత. తెల్లటి గచ్చుని చూసి కెమెరా "ఇది మరీ వెలుగుగా ఉంది" అనుకుని బూడిదరంగులోకి దించేస్తుంది. పైగా సమాధుల్లో ఆటోలో తీసిన ఫోటోలన్నీ సిమెంటు రంగులో ఉండడానికి కారణం ఇదే. ఎక్స్‌పోజర్‌ని, అంటే ఫోటో వెలుగుని, +0.7 నుంచి +1 దాకా పెంచండి. అంతలో ఎండ పడ్డ రేకుల కొసలు కాలిపోయి వట్టి తెలుపు కావచ్చు కాబట్టి హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో నలుపు ఎడమకి, తెలుపు కుడికి చూపే గ్రాఫు, చూడండి. గ్రాఫు కుడి అంచుకి దగ్గరగా రావాలి, గుద్దుకోకూడదు. వానలకి నల్లబడ్డ పాత గచ్చుకి దీనికి తిరగేసి చేయాలి. కెమెరా దాన్ని అనవసరంగా తెల్లబరుస్తుంది, -0.3 నుంచి -0.7 దించండి.

తర్వాత ఏం తీయాలన్న సంగతి. టోలీ మసీదు 1671లో మూసా ఖాన్ కట్టించింది. మక్కా మసీదు పని లెక్కలో రూపాయికొక దమ్డీ (అప్పటి చిన్న నాణెం) చొప్పున దక్కిన సొమ్ముతో కట్టాడని చెప్పుకుంటారు, దమ్డీ మసీదు అన్న పేరు అందుకే. ముందు ముఖంలో ఐదు కమానులు. అందరూ ఐదూ కలిపి ఒక ఫోటో తీసి వెళ్లిపోతారు. మీరు ఒక్క కమాను ఎంచుకుని నాలుగు దూరాల్లో తీయండి: కమాను మొత్తం, దాని భుజం, భుజం మీది పతకం, పతకంలో ఒక్క రేకు. చూసేవాళ్లకి ఆ రేకు ఎక్కడిదో తెలియాలంటే ముందు మూడూ ఉండాలి. నాలుగోది తీసేటప్పుడు రేకు అంచు మీద ఫోకస్ పెట్టండి, వెనక గుంట మీద కాదు. పనివాడి చేయి ఆగిన చోటు, అచ్చు కాకుండా చేత్తో చెక్కిన చోటు అక్కడే తెలుస్తాయి.

కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో హయాత్ బక్షీ బేగం సమాధి పక్కన 1666 నాటి పెద్ద మసీదు ఉంది. గుమ్మటాల వైపు చూస్తూ దాన్ని దాటేస్తారు. గచ్చు కోసం వస్తే ముందు అక్కడికే వెళ్లండి.

ఎండ లేని రోజైతే? మబ్బు పట్టిన పూట గచ్చు తీయకపోవడమే మంచిది. తప్పనిసరైతే, అనుమతి ఉంటే, చిన్న టార్చ్‌ని గోడకి 10-15 డిగ్రీల కోణంలో పక్కనుంచి పట్టుకోమని తోడొచ్చినవాళ్లకి ఇవ్వండి. టార్చ్ వెలుతురు ఎడమనుంచో పైనుంచో రావాలి. కిందనుంచి వస్తే ఉబ్బెత్తు పని గుంటల్లా, గుంటలు ఉబ్బెత్తుగా కనిపించి కన్ను మోసపోతుంది. ఫోటో తలకిందులు చేసి చూడండి, నమ్మకం కుదురుతుంది.

నీడలు మరీ నల్లగా పడితే ఎండకి ఎదురు పక్క, ఫ్రేముకి బయట, థర్మాకోల్ షీటు పట్టండి. ఎక్కువ దగ్గరకి తెస్తే నీడంతా పోయి మళ్లీ చదును అవుతుంది. రేకు కింద గీత కనిపిస్తూనే, ఆ గీతలో గరుకు కూడా కనిపించేంత దూరం సరైనది.

8. పలకలు తీయడం

బాద్‌షాహీ ఆషూర్‌ఖానాని మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590ల్లో కట్టించాడు. లోపలి పలకల పని 1611 నాటికి అయింది. పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు ముక్కలని కోసి అతికించి అలాల ఆకారాలు, షడ్భుజుల వరుసలు పేర్చారు. ముందు ఆసఫ్‌జాహీ కాలంలో కలిపిన చెక్క స్తంభాల మండపం ఉండడంతో లోపలికి వెలుతురు తక్కువ, నేరుగా ఎండ రాదు. పలకలకి ఇది అదృష్టమే.

బయట కూడా పలకలున్నాయి. ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి గోడల మీద అక్కడక్కడ మిగిలిన ముక్కలు చూడండి. వాటిని మబ్బు రోజు, లేదా ఆ గోడ నీడలో ఉన్న పూట తీయాలి. జులై, ఆగస్టు మబ్బులు గచ్చుకి శత్రువులు, పలకలకి చుట్టాలు.

మెరుపు మచ్చ తీసేయడానికి వరుసగా ఇవి చేయండి.

ముందు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టండి. సాధారణంగా మీ వెనకున్న వాకిలో, తలపైన ట్యూబ్‌లైటో, మీ తెల్లచొక్కానో. ముదురురంగు బట్టలు వేసుకెళ్లండి.

లైటు ఆర్పమని మర్యాదగా అడగండి. పగటి వెలుతురు, ఎల్ఈడీ వెలుతురు కలిస్తే నీలం పలక ఒక పక్క ఊదాగా, ఒక పక్క ఆకుపచ్చగా వస్తుంది. ఒకటే ఉండాలి.

ఒక పక్కకి జరగండి. పోలరైజర్ పెట్టి మెల్లగా తిప్పండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: పలకకి సరిగ్గా ఎదురుగా నిలబడి ఫిల్టర్ తిప్పి, "ఏమీ మారలేదు, డబ్బు దండగ" అంటారు. ఎదురుగా తిరిగొచ్చే మెరుపుని పోలరైజర్ ఆపలేదు. గోడతో సుమారు 35 డిగ్రీల కోణంలో చూసినప్పుడు అది బాగా పనిచేస్తుంది. పక్కనుంచి తీస్తే ఆకారం వంగుతుంది, నిజమే. అందుకే రంగు చూపే ఫోటో పక్కనుంచి, ఆకారం చూపే ఫోటో ఎదురుగా, రెండూ తీయండి.

ఎదురుగా తీసేదానికి నల్లగుడ్డ. తోడొచ్చినవాళ్లు మీ వెనక దాన్ని ఎత్తి పట్టుకుంటే పలకలో ప్రతిఫలించేది ఆ నలుపే. మచ్చ పోతుంది, రంగు తేరుతుంది. ఒంటరిగా ఉంటే మెరుపు వచ్చే ద్వారాన్ని మీ ఒంటితో అడ్డుకునేలా నిలబడండి.

చలువ కళ్లద్దాలు లెన్స్ ముందు పెట్టి తీస్తే మెరుపు తగ్గుతుంది కానీ అద్దం రంగు ఎక్కుతుంది. ఆ అద్దంలోంచే తెల్లకాగితాన్ని ఒక ఫోటో తీసి ఉంచుకోండి, తర్వాత దాన్ని బట్టి రంగు సరిచేయొచ్చు. పోలరైజర్ వల్ల వెలుతురు ఒకటి నుంచి రెండు స్టాపులు తగ్గుతుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). లోపల అసలే చీకటి, తాడు చిట్కా ఇక్కడే పనికొచ్చేది.

ఆషూర్‌ఖానాలో ఇంకో సంగతి. 1908 మూసీ వరదలో కింది భాగాలు దెబ్బతిన్నాయి, కొన్నిచోట్ల పలకలకి బదులు రంగుపూత ఉంది. ఫోటోలో రెండూ ఒకేలా ఉండి మోసం చేస్తాయి. దగ్గరగా చూడండి: పలకముక్కల మధ్య సన్నటి అతుకుగీత ఉంటుంది, ముక్క ముక్కకీ మెరుపు కాస్త వేరుగా ఉంటుంది. పూతలో అతుకు ఉండదు. 'కుతుబ్‌షాహీ పలకలు' అని పేరు పెట్టేముందు ఇది చూసుకోండి.

9. జాలీ

రెండు రకాలుగా తీయొచ్చు, ఏదో ఒకటి తేల్చుకోండి. ఆకారం కావాలంటే లోపల నిలబడి, వెలుగుతున్న చిల్లు మీద కొలత తీసుకోండి. తెర నల్లగా, నమూనా నిప్పులా వస్తుంది. తెర మీది చెక్కడం కూడా కావాలంటే మూడు ఎక్స్‌పోజర్లు తీయండి: మామూలుది, +2, -2. తర్వాత కలపండి. ఫోన్ హెచ్‌డీఆర్ ఈ పని తనే చేస్తుంది కానీ చిల్లుల అంచుల చుట్టూ తెల్లటి వెలుగుపూత వదులుతుంది, అది కనిపిస్తే హెచ్‌డీఆర్ ఆపేయండి.

నేలమీద పడే జాలీ నీడ చాలా అందంగా ఉంటుంది. ఎండ వాలినప్పుడు మాత్రమే లోపలిదాకా సాగుతుంది, పది నిమిషాల్లో జరిగిపోతుంది. అది తీయాలనుకుంటే మిగతా పనులు ఆపి అక్కడే కూర్చోండి.

10. నల్లరాయి అక్షరాలు

ఎక్స్‌పోజర్ -0.7 నుంచి -1. ఆటోలో తీస్తే నల్లరాయి బూడిదరాయి అవుతుంది. ద్వారం ఒక పక్కన ఉండేలా నిలబడితే అక్షరాల అంచులు వెలుగుతాయి. వాక్యాన్ని మధ్యలో కోయకండి. చదవడం రాకపోతే పట్టీ మొత్తం ఫ్రేములోకి తెచ్చుకోండి, కుడినుంచి మొదలవుతుందని గుర్తుంచుకోండి. రాయి మీద నీళ్లు, నూనె, సుద్దపొడి ఏదీ పూయకూడదు, అక్షరాలు ఎంత మసకగా ఉన్నా.

11. గుమ్మటం కింద

నేలమీది నడిమి బిందువు వెతకండి. ఎదురెదురు కమానుల మధ్యనుంచి రెండు గీతలు ఊహించుకుంటే అవి కలిసే చోటు. సమాధుల్లో అక్కడ సమాధి రాయే ఉంటుంది, దాని మీద ఏమీ పెట్టకండి, ఎక్కకండి. పక్కనుంచి తీసి తర్వాత సరిచేసుకోవడమే. నడిమి ఖాళీగా ఉన్న చోట ఫోన్‌ని నేలమీద పడుకోబెట్టి, పది సెకన్ల టైమర్ పెట్టి పక్కకి తప్పుకోండి.

సెల్ఫీ కెమెరాతో తీస్తే స్క్రీన్ చూస్తూ సరిచేసుకోవడం సులువు. కానీ చాలా ఫోన్లు సెల్ఫీని అద్దంలోలా తిప్పి దాచుకుంటాయి. పూలకి పర్వాలేదు. గుమ్మటం అంచున ఖురాన్ వాక్యం ఉంటే అది అటుదిటు అయి వస్తుంది, చదవగలిగినవాళ్లు చూడగానే నొచ్చుకుంటారు. సెట్టింగుల్లో మిర్రర్ ఆపండి, లేదా వెనక కెమెరాతోనే తీయండి.

12. అక్కడే సరిచూసుకోండి

మళ్లీ రావడానికి ఇంకో వారం పడుతుంది కాబట్టి గేటు దాటకముందే ఐదు నిమిషాలు నీడలో కూర్చుని చూడండి.

- ఫోటోని పూర్తిగా పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. నడుమ స్పష్టంగా, మూలలు మసకగా ఉంటే మీరు గోడకి నిటారుగా లేరు.
- వలయం అడ్డం, నిలువు కొలతలు స్క్రీన్ మీద వేలితో పోల్చండి.
- గచ్చు: రేకు కింద నీడగీత కనిపిస్తోందా? లేకపోతే వేళ తప్పు, ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ పెంచితే మురికి పెరుగుతుందే తప్ప లోతు రాదు.
- పలక: తెలుపు ముక్క నిజంగా తెల్లగా ఉందా? పసుపో నీలమో కొడితే బూడిద కార్డుని అదే వెలుతురులో పెట్టి ఇంకో ఫోటో తీయండి.
- రాత: గోడ మీది అక్షరాలని ఫోటోలోవాటితో పోల్చి, అద్దంలోలా తిరగబడలేదని చూసుకోండి.

13. ఇంటికొచ్చాక

వంపు సరిచేయడం మొదట, కోయడం తర్వాత, రంగు ఆఖర. క్లారిటీ, స్ట్రక్చర్ అనే మీటలు 15 దాటనివ్వకండి. దాటితే సున్నం ఇనుములా కనిపిస్తుంది. నీలిరంగుని ఒక్కదాన్నే పెంచే బుద్ధి పుడుతుంది, పెంచకండి. నాలుగువందల ఏళ్ల పలక నీలం కొత్త బాత్‌రూమ్ టైలులా మెరవదు.

ఫైలు పేరులో కట్టడం, గోడ దిక్కు, నెల, గంట రాయండి: 'టోలీ-తూర్పు-డిసెంబరు-0930' అన్నట్టు. ఆర్నెల్ల తర్వాత అదే పువ్వు మీద ఎండ రెండో భుజం మీదుగా పడే రోజు ఎప్పుడొస్తుందో ఆ పేరే చెబుతుంది.